చింతపిక్కల స్కీము

గోపాలపట్నంలో నన్ను నమ్మి డబ్బు పెడతామంటూ జనం బడి గేటు విరగ్గొట్టబోయిన కథ ఇది. గేటుకు పెద్దగా ఏమీ కాలేదు. నా పరువు సంగతి చదివాక మీరే చెప్పండి.

అప్పుడు నాకు పాతికేళ్లు. హైస్కూల్లో సోషల్ మాస్టారిగా కొత్తగా చేరాను. గోదావరి జిల్లా నుంచి విశాఖ పోర్టు ఉద్యోగానికి వచ్చిన మా నాన్న, రిటైరయ్యాక చేతికొచ్చిన సొమ్మంతా ఎవరో చెప్పిన రెట్టింపు స్కీములో పోగొట్టుకున్నారు. ఆ మంట నాలో అలాగే ఉంది. బడి దాటేలోగా ప్రతి పిల్లకీ, పిల్లాడికీ వడ్డీ అంటే ఏమిటో, మోసం అంటే ఏమిటో తెలిసి తీరాలని పట్టుబట్టాను.

హెడ్మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"పరీక్షలో మార్కులొస్తాయా?"

"రావండీ. డబ్బులు మిగులుతాయి."

"సరే, శనివారం ఆఖరి పీరియడ్ తీసుకో. తల్లిదండ్రుల నుంచి ఒక్క గొడవ వచ్చినా దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను."

మొదటి పాఠం పొదుపు గురించి. సగం మంది నిద్రపోయారు. మిగతా సగం కళ్లు తెరిచి నిద్రపోయారు. నాకు పౌరుషం వచ్చేసింది. ఇక చెప్పడం కాదు, చేసి చూపిస్తానన్నాను.

"తలా పది చింతపిక్కలు తెచ్చి ఈ డబ్బాలో వేయండి. వచ్చే వారం ఇరవై ఇస్తాను. ఇంకొకరిని చేర్పిస్తే పైన రెండు!"

నా ఎత్తుగడ తేలికే. పాతవాళ్లకు కొత్తవాళ్ల పిక్కలే ఇస్తూ పోతే ఒక రోజు డబ్బా ఖాళీ అవుతుంది. అప్పుడు గుట్టు విప్పి, రెట్టింపు స్కీములన్నీ ఇంతే అని చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ నటన సహజంగా ఉండాలని, అసలు మోసగాళ్లలాగే గొంతు తగ్గించి, "ఈ సంగతి ఇంట్లో చెప్పకండి" అన్నాను. చెప్పొద్దన్న మాట పిల్లల కంటే ముందే ఇల్లు చేరుతుందని నాకు తెలియలేదు. మీకు తెలుసు కదా, నవ్వకండి.

వారం తిరిగేసరికి మిగతా సెక్షన్ల పిల్లలూ చేరారు. వాళ్ల పిక్కలే తీసి మొదటివాళ్లకు ఇరవై చొప్పున ఇచ్చాను. ఆ తర్వాతి శనివారం గేటు దగ్గర ఒకటే జనం. అందరికంటే ముందు పైడమ్మ. మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆమె కూతురు లక్ష్మి నా క్లాసే.

"మా పాప పది పిక్కలిత్తే ఇరవై ఇచ్చీసినారంట కద సార్! అయ్యి టోకెన్లని నాకు తెలిసిపోనాది. లచ్మి ఇంటరు ఫీజుకి దాసిన డబ్బులు తెచ్చీసినాను. రెట్టింపు సేసి ఇచ్చీయండి."

నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. "అమ్మా, ఇది ఉత్త మోసం!"

"మోసమైతే మీరెందుకు సేత్తారు?"

"మోసమని చెప్పడానికే చేశానమ్మా!"

ఆమె మొహం చిన్నబోయింది. "పెద్దోల కాడయితే తీసుకుంతారు. మా డబ్బులు సేపల వాసనేత్తన్నాయని కదా సార్?"

ఆమె వెనకాల స్టీలు ప్లాంటు యూనిఫాంలో ఉన్న ఒకాయన పక్కవాడిని పొడిచాడు. "బావా, వద్దంతన్నాడంటే లోపల జాగా అయిపోతందన్నమాట." తర్వాత ఫోను పైకెత్తి నాకేసి అరిచాడు. "సార్, స్కానరెక్కడ?"

నేను వద్దన్నకొద్దీ గిరాకీ పెరిగింది. వీధిలో చీటీలు నడిపేవాళ్లు కూడా మొదట వద్దనే అంటారట. పైగా నేను గవర్నమెంటు జీతగాణ్ణి, పిల్లలకు చదువు చెప్పే మాస్టార్ని. అంతకంటే నమ్మకమైన చేతులు వాళ్లకు ఎక్కడ దొరుకుతాయి? ఈ నమ్మకాన్ని నేను లెక్కలో వేసుకోలేదు. పైడమ్మ చేతిలో ఆ ఫీజు డబ్బు చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంతలో హెడ్మాస్టారు రానే వచ్చారు. నా పీరియడ్‌కు నీళ్లొదులుకున్నాను. ఆయన నన్ను పక్కకు లాగి చేతిలో ఒక కవరు పెట్టబోయారు.

"ఏమయ్యా, స్టాఫుకు ముందు చెప్పాలని తెలీదూ?"

ఇక లాభం లేదని పరుగెత్తి డబ్బా తెచ్చి అందరి ముందూ బోర్లించాను. నాలుగు పిక్కలు రాలాయి.

"లక్ష్మీ, నీకిచ్చిన ఇరవై ఎక్కడివో మీ అమ్మకు చెప్పు!"

లక్ష్మి ఆ నాలుగు పిక్కల వంకా, డబ్బా వంకా చూసింది. ఒక్కసారిగా ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"అమ్మా, సార్ ఏటీ పండించలేదే! కొత్తోలు తెచ్చినయ్యే తీసి మాకిచ్చినారు. ఇప్పుడు ఆలకివ్వడానికి డబ్బాలో ఏటీ నేదు. నా ఫీజు కూడా అలాగే ఎవులికో ఎల్లిపోద్ది!"

ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. హెడ్మాస్టారి కవరు కూడా వెళ్లింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూశారా! ఈ సంగతి అందరికీ తెలియాలనే నేను పట్టుబట్టి ఈ పీరియడ్ పెట్టించాను. ఇకమీదట ప్రతి క్లాసుకీ ఉంటుంది."

పట్టుబట్టింది ఎవరైతేనేం, పీరియడ్ దక్కింది.

పైడమ్మ డబ్బు కొంగున ముడేసుకుంది. "సోమారం బేంకులో ఏసీత్తాను సార్. బుద్దొచ్చింది." నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, నా చెవి దగ్గర మెల్లిగా అంది. "కానీ సార్, ఎప్పుడైనా నిజం స్కీము మొదలెడితే ముందు నాకే సెప్పాల."

అందుకే విశాఖ సముద్రం సాక్షిగా శపథం చేశాను. డబ్బు పాఠం మానను. ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చెబుతాను, పైడమ్మను కూడా కూర్చోబెట్టి మరీ చెబుతాను. కానీ మోసాన్ని నడిపి మాత్రం చూపించను గాక చూపించను. ఆ విద్య నాకు మరీ అంత బాగా వచ్చని అప్పటిదాకా తెలియదు!