చాందిని కాలు, నేను వద్దన్న క్లినిక్

1991. ఫిల్మ్ నగర్ కొత్త ఇళ్లతో నిండుతున్న రోజులు. జూబ్లీహిల్స్ నుంచి అటు దిగే వాలులో సత్యానందం గారి పశువుల క్లినిక్ ఉండేది. రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. పొద్దున నిర్మాతల ఇళ్ల పమేరియన్ కుక్కలు కార్లలో వచ్చేవి, ఆ వెనకే షేక్‌పేట గేదెలు నడిచి వచ్చేవి. నేను అక్కడ ఎనిమిదేళ్లుగా అసిస్టెంటు డాక్టర్ని.

సత్యానందం గారికి చేతులు వణకడం మొదలైంది. కుట్లు వేయలేకపోతున్నారు. "క్లినిక్ నువ్వే తీసుకోవయ్యా, బోర్డు మీద నీ పేరు రాయించుకో" అన్నారు. నాకు ఆశ లేకపోలేదు. భయం అంతకంటే ఎక్కువ. ఏదీ తేల్చకుండా నెలల తరబడి నాన్చాను. చివరికి ఆయనే విసిగి, "నేను గుంటూరు వెళ్లొస్తా. ఈ వారం క్లినిక్ నీదే అనుకుని నడుపు. వచ్చాక అవునో కాదో చెప్పు" అని బస్సెక్కారు.

మూడో రోజు షేక్‌పేట ఖాజా తన తెల్లగుర్రం చాందినిని తీసుకొచ్చాడు. దాన్ని షూటింగులకు తిప్పి ఇల్లు నడుపుకునే మనిషి. దాని కుడి ముందుకాలి వెనక టెండన్, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీ, వాచి కాలిపోతోంది. వెంట ఒక సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు కూడా వచ్చాడు.

"మూడు దినాల సంది కాలు సక్కగ మోపుతలేదు సాబ్. జర ఆరాం కావాలె దీనికి. చెప్తే ఈ సారు ఇంటలేడు" అన్నాడు ఖాజా.

"ఒక్క షాటండీ డాక్టరు గారూ! హీరో గారి డేట్లు ఇవాళ్టితో సరి. అయినా ఇక క్లినిక్ మీదేనటగా, మా కంపెనీ జంతువులన్నీ మీ దగ్గరికేనండీ" అన్నాడు మేనేజరు.

'క్లినిక్ మీదే' అన్న మాట నా తలకెక్కింది. నర్వ్ బ్లాక్ అని ఒకటుంది. నొప్పి ఎక్కడుందో కనిపెట్టడానికి కాలి కింది భాగాన్ని కాసేపు తిమ్మిరెక్కించే ఇంజెక్షన్. పరీక్ష కోసమే తప్ప, గుర్రాన్ని పరుగెత్తించడానికి కాదు. అది నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను, సిగ్గులేనివాణ్ణి. పది నిమిషాలకి చాందిని కుంటకుండా నడిచింది.

"నయమైందా సాబ్?" ఖాజా మొహం వెలిగిపోయింది.

"ఒక్క షాటుకి ఏం పర్లేదులే" అన్నాను.

ఒక్క షాటు ఆరు టేకులైంది. మధ్యాహ్నం షూటింగ్ వాళ్లు జీపు పంపితే వెళ్లాను. కొండరాళ్ల మధ్య చాందిని పడి ఉంది. టెండన్ పూర్తిగా తెగిపోయింది. ఇక లేచి నిలబడే కాలు కాదది. ప్రాణం తీసే ఇంజెక్షన్ కూడా నేనే ఇచ్చాను. ఖాజా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నొప్పి లేకుండ చేసిన్రా సాబ్, తెల్వకుండ చేసిన్రా?" అని మాత్రం అడిగాడు. నేను బ్యాగు తీసుకుని జీపెక్కాను.

సత్యానందం గారు రాగానే జరిగిందంతా చెప్పి, "క్లినిక్ నాకొద్దండీ, నేను పనికిరాను" అన్నాను.

ఆయన, "తప్పే చేశావు. ఇంకోసారి చెయ్యవు. ముందు వెళ్లి ఖాజా కాళ్లు పట్టుకో. తర్వాత వచ్చి ఈ కుర్చీలో కూర్చో. ఇక్కడి పశువులకి ఎవరున్నారయ్యా?" అన్నారు. నేను వినలేదు. ఖాజా దగ్గరికీ వెళ్లలేదు. మందుల కంపెనీలో ఉద్యోగం చూసుకుని తప్పుకున్నాను. ఏడాది తిరక్కుండానే క్లినిక్ మూతపడింది. అందులో వీడియో క్యాసెట్ల షాపు పెట్టారు.

ఆరేళ్ల తర్వాత షేక్‌పేట దారిలో ఖాజా ఎదురయ్యాడు. చేతిలో పగ్గం, వెనక గోధుమరంగు గుర్రం కుంటుతూ వస్తోంది. మొహం తిప్పుకుని పోదామనుకున్నాను. అతనే పిలిచాడు.

"సాబ్, మన దవాఖాన ఎత్తేసిన్రు గద. దీన్ని ఏడికి తీస్కపోవాలె?"

'మన దవాఖాన' అన్నాడు! క్లినిక్ వద్దనుకోవడం నాకు నేను వేసుకున్న శిక్ష అని ఇన్నాళ్లూ అనుకున్నాను. శిక్షా, నా మొహమా! నేను తప్పించుకుపోయాను, అనుభవించింది ఈ మూగజీవాలు. నా బ్యాగులో కంపెనీ కరపత్రాలు తప్ప ఏమీ లేవు. రోడ్డు పక్కనే గొంతుక్కూర్చుని గుర్రం కాలు పట్టుకుని చూశాను. వాపు అదే చోట.

"నొప్పిగా ఉంది దీనికి, ఖాజా. ఎవరేమన్నా సరే, షూటింగుకి పంపొద్దు" అన్నాను.

ఆరేళ్ల కిందట అనాల్సిన మాట అది.