మా అత్తగారి బొట్టుపిలుపు

పోయిన నెలలో మా అత్తగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, "బెల్లం ఎక్కువేసేవు" అని నన్ను దెప్పి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, కుర్చీలోనే వెనక్కి వాలిపోయారు. ఆఖరి మాట కూడా నా మీద ఫిర్యాదే! తలుచుకుంటే ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి.

కొన్నేళ్ల కిందట, అనకాపల్లి పక్కనున్న మా ఊళ్లో ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్షలు పెట్టారు. ముప్పై దాటినవాళ్లు రావాలని నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి కాగితాలు పంచింది. ఒక్కరూ వెళ్లలేదు. జబ్బే లేదని కొందరు, సిగ్గుతో కొందరు. నర్సమ్మ మా అరుగు మీద కూలబడితే, మా అత్తగారు మజ్జిగ ఇచ్చి, "ఆడోళ్లని కాయితమిచ్చి పిలుత్తారేటమ్మా? నాకొగ్గేయ్" అన్నారు.

కుంకుమ భరిణె పట్టుకుని వీధంతా తిరిగారు. "శుక్రవారం ఆసుపత్రిలో పేరంటం. తప్పకుండా రావాల." బొట్టు పెట్టించుకున్నాక వెళ్లకపోతే ఏం బాగుంటుంది? భర్త పోయాక ఏ పేరంటానికీ ఎవరూ పిలవని ఎదురింటావిడ గుమ్మంలోకీ వెళ్లారు. ఆవిడ వెనక్కి తగ్గబోతే, "జబ్బు బొట్టు సూసి వత్తాదేటే?" అని నుదుట పెట్టేశారు.

శుక్రవారం అందరూ పట్టుచీరల్లో, తలనిండా పూలతో దిగారు. డాక్టరమ్మ బిత్తరపోయింది. వాయనమేదని వచ్చినవాళ్లు అడిగితే, "లోపలికెళ్లొచ్చినోళ్లకే సెనగలు" అని మా అత్తగారు గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఆ గిన్నె మోసుకెళ్లిన నన్నూ వదల్లేదు. "కోడలికేటి మినాయింపు? నడు!"

పరీక్షలో తేడా ఉన్నట్టు తేలింది నాకొక్కదానికే. "ఇంకా కేన్సర్ కాలేదు. ముందే చూశాం, కానివ్వం" అంది డాక్టరమ్మ. పెద్దాసుపత్రిలో చిన్న వైద్యం చేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. నాకప్పుడు నొప్పి లేదు, నీరసం లేదు. ఆవిడ తోయకపోతే ఆ గది గడప తొక్కేదాన్నే కాదు. ఈ రోజు ఇలా కూర్చుని రాస్తున్నానంటే అది మా అత్తగారి చలవే.

పెద్దకర్మ అయ్యాక నర్సమ్మ మళ్లీ వచ్చింది. ఈ శుక్రవారం పరీక్షలట. నేను భరిణె తీశాను.

"అమ్మ పోయి ఏడాదైనా అవనేదు. సూతకంలో బొట్టుపిలుపేటి వదినా?" అంది మా ఆడపడుచు.

"జబ్బు సూతకం సూసి వత్తాదేటి?" అన్నాను.

తను నవ్వబోయి ఏడ్చేసింది. మూత తీస్తే, కుంకుమలో మా అత్తగారి వేలి గుంట అలాగే ఉంది. అందులోనే నా వేలుంచి, మొదటి బొట్టు ఆవిడ కూతురికే పెట్టాను.