చెరి సగం మందు

ఆ కుట్టు దుకాణంలో పెద్దామె, చిన్నామె అంటే చాలు, ఇంకో ఆనవాలు అక్కర్లేదు. ఇద్దరూ తోడికోడళ్ళు. కిటికీ పక్క బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఒకరు చొక్కాలకు కాజాలు కుడితే, ఇంకొకరు గుండీలు వేసేవాళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పనులు మార్చుకునేవాళ్ళు. కాజాలు కుడితే కళ్ళు ఎక్కువ లాగుతాయి. ఆ లాగుడు కూడా ఒక్కరి వంతే కాకూడదని పెద్దామె పెట్టిన పద్ధతి అది.

వాళ్ళ మొగుళ్ళు అన్నదమ్ములు. సరుకు లారీ అన్న నడిపేవాడు, తమ్ముడు పక్కన కూర్చునేవాడు. ఆ లారీ వంతెన మీద నుంచి పడిపోయింది. కబురు తెచ్చిన మనిషి ముందు ఎవరికి చెప్పాలో తెలియక గడపలో నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. చిన్నామె నేలమీద పడి ఏడ్చింది. పెద్దామెకు ఏడుపు రాలేదు. ఊళ్ళో జనం ఊరుకుంటారా, గుండె రాయి అన్నవాళ్ళు అన్నారు, గుండె నిబ్బరం అన్నవాళ్ళు అన్నారు. ఆమెకు లోపల తిమ్మిరెక్కింది, అంతే. కాలు తిమ్మిరెక్కితే కాసేపు నడిస్తే వదులుతుంది. ఇది ఎంత నడిచినా వదల్లేదు.

అప్పటి నుంచి ఆమెకు పంపకం పిచ్చి పట్టుకుంది. దుఃఖం ఎలాగూ సమానంగా వచ్చిపడింది కాబట్టి మిగతావన్నీ కూడా సమానంగానే ఉండాలనుకుంది. సబ్బు కొంటే దారంతో రెండు ముక్కలు చేసేది. అరటిపండు ఒక్కటే ఉంటే కత్తిపీట ముందేసుకుని, ఎక్కడ కోయాలా అని కంసాలిలా చూసేది. ఒకసారి పెద్ద దుప్పటి కొని, అడ్డంగా కత్తిరించి, అంచులు కూడా శుభ్రంగా కుట్టింది. ఆ చలికాలమంతా ఇద్దరి పాదాలూ బయటే ఉన్నాయి. చిన్నామె కిక్కురుమనలేదు. నోట్లో నాలుక లేని పిల్ల అని ఆమెకు పుట్టింట్లోనే పేరు.

అలా ఉండగా పెద్దామెకు కడుపుబ్బరం పట్టుకుంది. తిన్నది తిన్నట్టే ఉండిపోయేది. సాయంత్రానికి పొట్ట రాయిలా బిగిసేది. దుకాణం వెనక సందులో ఒక ఆయుర్వేద వైద్యురాలు ఉండేది. ఆవిడ నాలుక చూసింది, చెయ్యి పట్టుకుని నాడి చూసింది. మందు మాట ఎత్తకుండా తిండి గురించే అడిగింది.

“అన్నం ఎప్పుడు తింటావమ్మా?”

“పని అయ్యాక.”

“ఆకలేసినప్పుడు కాదా?”

పెద్దామె వెనక్కి లెక్కేసుకుంది. చివరిసారి ఆకలేసింది ఎప్పుడో గుర్తు రాలేదు. “ఆకలి తెలియడం లేదండీ” అంది.

వైద్యురాలు శొంఠి, మిరియాలు, ఇంగువ, వాము కలిపిన పొడి పొట్లం కట్టింది. “వేడన్నంలో కాస్త నెయ్యి వేసుకుని, ఈ పొడి ఒక చెంచా మొదటి ముద్దలో కలుపుకో. తిన్నాక వేసుకునేది కాదు, నీళ్ళతో గుటుక్కుమనిపించేది కాదు. చల్లారిన కూడు తినకు, నిలబడి తినకు. ఇది నీ ఒంటి తీరు చూసి ఇచ్చిన మందు. తెలిసిందా?”

“తెలిసిందండీ.”

అబద్ధం కాదు. నెయ్యి సంగతీ, వేడి సంగతీ, మొదటి ముద్ద సంగతీ అన్నీ తెలిశాయి. చివరి మాట ఒక్కటే ఈ చెవిన పడి ఆ చెవిన పోయింది.

ఇంటికొచ్చి కాగితం మీద పొడి పోసి, పరిచి, మధ్యలో గీత గీసింది. “నీకూ కడుపులో బాగుండదుగా” అంటూ సగం అటు జరిపింది. చిన్నామెది వేరే బాధ. కడుపు ఖాళీగా ఉంటే రొమ్ము కింద మండేది, పుల్లటి త్రేన్పులు వచ్చేవి. పెద్దామె లెక్కలో కడుపు కడుపే. వాటాలో తేడా రాకుండా రోజూ ఒక్క చెంచా పొడినే ఇద్దరికీ సగం సగం వేసేది. మొదటి ముద్ద తానే కలిపి చిన్నామె పళ్ళెంలో పెట్టేది. చిన్నామె కళ్ళు మూసుకుని మింగేది.

సగం మోతాదుకు సగం గుణం కూడా కనపడలేదు. పెద్దామె మళ్ళీ వెళ్ళింది. “చెప్పినట్టే వేసుకుంటున్నావా?” అని వైద్యురాలు అడిగితే, “మీరు చెప్పినట్టే, మొదటి ముద్దలోనే” అంది. ఆవిడ పాపం నమ్మింది. ఈ ఒంటికి ఘాటు చాలలేదు కాబోలనుకుని, మిరియాలు పెంచి ఇచ్చింది. ఆ పొట్లానికీ మధ్యలో గీత పడింది.

చిన్నామె చిక్కిపోసాగింది. పళ్ళెంలో అన్నం మిగిల్చేది. బల్ల దగ్గర వంగిపోయి, ఒక చెయ్యి పొట్టకు అదిమి, ఇంకో చేత్తో గుండీలు వేసేది. పెద్దామెకు ఇవన్నీ కనపడ్డాయి. ఎదురింటి గోడ కనపడదూ, అలా కనపడ్డాయి.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నామె కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. దుకాణదారు పరుగున వెళ్ళి సందులోని వైద్యురాలిని పిలుచుకొచ్చాడు. ఆవిడ కంటి రెప్ప లాగి చూసింది. “విరేచనం నల్లగా అయిందా?” అని చెవి దగ్గర అడిగింది. చిన్నామె తలూపింది.

“బండి పిలవండి. ఇది నా దగ్గర తేలే పని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి” అని, పెద్దామె వైపు తిరిగింది. “ఏం మందు వాడుతోంది?”

“మీదేనండీ.”

“నేనీ అమ్మాయిని చూడనే లేదే?”

“నాకిచ్చిన దాంట్లో సగం ఇస్తున్నాను.”

వైద్యురాలు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. “చల్లారిన పొయ్యి రాజుకోవాలని నీకిచ్చానమ్మా అది. ఈమెది ముందే మండుతున్న పొయ్యి. అందులో ఎండుపుల్లలు వేశావు” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పెద్దామెకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఆసుపత్రిలో కడుపులో పుండుందన్నారు, రక్తం కారుతోందన్నారు, లోపలికి తీసుకెళ్ళారు. బల్ల మీద కూర్చున్న పెద్దామెను నర్సు, “ఆ అమ్మాయి మీకేమవుతుంది?” అని అడిగింది. “తోడికోడలు” అంది. అన్నాక ఆ మాట ఆమెకే వింతగా తోచింది. ఇద్దరి మొగుళ్ళూ లేకపోయాక ఆ వరస దేన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు? ఈ పిల్ల కూడా పోతే ఇంట్లో ఇక తను ఒక్కతే. ఆ సంగతి తెలుస్తూనే ఉంది, ఎక్కడా గుచ్చుకోవడం లేదు. ఈ మనిషి పోయినా నాకు ఏడుపు రాదేమో అనిపించి, అప్పుడు భయమేసింది. మొగుడు పోయాక ఆమెకు భయం వేయడం అదే మొదలు.

చిన్నామె బతికి బయటపడింది. ఇంటికి వచ్చేముందు ఇద్దరూ వైద్యురాలి దగ్గర ఆగారు. “ఆసుపత్రి మాత్రలు పూర్తయ్యేదాకా ఈ అమ్మాయి నా పొడులు ముట్టుకోకూడదు. మెత్తటి అన్నం, కారం లేకుండా, వేళకు పెట్టు. నీ మందు నువ్వు నిండా వేసుకో. నీ పళ్ళెం నీది, ఆమె పళ్ళెం ఆమెది” అంది ఆవిడ.

ఆ సాయంత్రం పెద్దామె రెండు గిన్నెల్లో విడివిడిగా వండింది. చిన్నామెకు మెత్తగా ఉడికిన అన్నం వడ్డించి, తన పళ్ళెంలో పొడి వేసుకుని, ఎదురుగా కూర్చుంది.

“మండుతోందని ఒక్కసారి చెప్పొచ్చుగా” అంది.

“నువ్వు కలిపి పెడుతుంటే ఏం చెప్పనక్కా.” చిన్నామె గొంతులో నిష్ఠూరం లేదు. “అన్నీ పెడతావు. ఎలా ఉందని అడగవు.”

నిజమే, అడగలేదు. వాళ్ళు పోయాక ఈ పిల్లను ఒక్క మాట అడిగిన గుర్తు లేదు.

“ఇప్పుడడుగుతున్నా. ఎలా ఉంది?”

“కడుపు ఫర్వాలేదు.” చిన్నామె మెతుకులు కెలికింది. “ఆయన గొంతు గుర్తు రావడం లేదక్కా. మొహం వస్తుంది, గొంతు రాదు. ఎవరితో చెప్పుకోవాలో తెలీలేదు.”

పెద్దామె తల వంచుకుని వెతికింది. మరిది గొంతు వెంటనే దొరికింది.

“పిలిచే ముందు ఉత్తుత్తి దగ్గొకటి దగ్గేవాడు. గొంతులో కాస్త జీర, పొద్దున పూట ఎక్కువ. ‘వదినా’ అని చివర సాగదీశాడంటే ఏదో అడగబోతున్నాడనే లెక్క.”

చిన్నామె తినడం ఆపి వింటోంది. ఆమె పెదాలు కదిలాయి, దగ్గరలో ఎవరో పిలిచినట్టు.

“మా ఆయనది నాకు రావడం లేదు” అంది పెద్దామె. ఆ మాట తనలో తాను కూడా అనుకోలేదు ఇంతవరకు.

“బావగారిదా? బావగారిది మెత్తని గొంతు. లారీ హారన్ మోగించి మోగించి సొంత గొంతు వాడటం మానేశాడని మా ఆయన వేళాకోళం చేసేవారు. బావగారు ఇంటికి ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పుతూ నన్ను ఒకటే అడిగేవారు. ‘అమ్మాయ్, మీ అక్క తిన్నదా?’ అని.”

పెద్దామె చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేసింది.

“ఇంకోసారి చెప్పు” అంది.

చిన్నామె ఈసారి గొంతు బాగా తగ్గించి, ఆయన అన్నట్టే అంది.