గాలి పడవ, చాచా అరచెయ్యి

మొన్న శుక్రవారం పొద్దున మసీదు మైకులో ఎవరో పోయారని చెబుతుంటే నేను చపాతీ పిండి కలుపుతున్నాను. పేరు స్పష్టంగానే వినపడింది. అయినా కలుపుతూనే ఉన్నాను. నారాయణఖేడ్‌లో ఆ పేరు గలవాళ్లు నలుగురైనా ఉండరా అనుకున్నాను. అంతలో ఎదురింట్లోంచి చాచీ ఏడుపు వినపడింది. పిండి చేతులతోనే రోడ్డు దాటాను. మా పంక్చర్ చాచా పొద్దుటి నమాజుకు లేచి, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ కూలబడిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేంత సమయం కూడా ఇవ్వలేదు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "గిప్పుడు పోతవా చాచా? నా బిడ్డ గతేంగాను?" అని పైకే అనేశాను. పక్కన చాచీ ఉందన్న సోయి కూడా లేదు. అంత స్వార్థం నాది. ఎందుకో చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

రెండేళ్ల కింద వానాకాలంలో నా భర్త కంగ్టి వైపు నుంచి బండి మీద వస్తూ వాగు దాటబోయాడు. నీళ్లు మోకాలిలోతే అనుకున్నాడు. మర్నాడు దొరికాడు. ఇంటి ముందు దించినప్పుడు వెంట్రుకల నుంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. పిల్లను లోపల ఉంచాలని ఎవరికీ తోచలేదు, కన్నతల్లిని నాకే తోచలేదు. ఏడేళ్ల పిల్ల గడపలో నిలబడి అంతా చూసింది.

ఆ రోజు నుంచి తల మీద చుక్క నీళ్లు పడనివ్వలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే స్నానం. వాన మొదలైతే బడిలో బల్ల కింద దూరేది. ఒకసారి నేను బలవంతంగా ఒక్క చెంబు పోస్తే ఊపిరి బిగబట్టి కొయ్యలా అయిపోయింది. సంగారెడ్డి డాక్టర్లయ్యారు, పట్నం డాక్టర్లయ్యారు, చర్చిలో ఉపవాస ప్రార్థనలయ్యాయి. తల అట్టలు కట్టి, చివరికి జుట్టంతా కత్తిరించాల్సి వచ్చింది. పదిమంది పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ని, నా ఒక్క బిడ్డకు తలస్నానం చేయించలేకపోయాను. ఆ రోజు వంటింటి గోడకు తల బాదుకుని ఏడ్చాను. బతకడం చాలనిపించింది.

చాచా దుకాణం మా గేటుకు సరిగ్గా ఎదురు, దాని వెనకే వాళ్లిల్లు. రేకుల కప్పు, ఒక కంప్రెషర్, సగానికి కోసిన డ్రమ్ములో నల్లటి నీళ్లు. ట్యూబుకు ఎంత పెద్ద చిల్లు కనపడుతున్నా సరే, నీళ్లలో ముంచి బుడగలు చూసి, అక్కడ అగ్గిపుల్ల గుచ్చితేగాని పని మొదలుపెట్టేవాడు కాదు. గాలి కొట్టాక వేలికి ఉమ్ము రాసి వాల్వు మీద పెట్టి చూడందే ఏ బండినీ కదలనిచ్చేవాడు కాదు. మా పిల్ల బడికి వెళ్లే వేళకు మాత్రం ఆ డ్రమ్ము మీద గోనెపట్టా కప్పి ఉండేది. కప్పమని నేను చెప్పలేదు.

ఒకరోజు అతనే అన్నాడు. "టీచరమ్మా, పైకెల్లి చూస్తే ఏం తెల్వది. నీళ్లల్ల వెట్టి చూస్తెనే ఏడ వోతుందో తెలుస్తది. బిడ్డను గూడ గంతే."

"నా బిడ్డేం ట్యూబా? నీ పని నువ్వు చూస్కో!" అని నలుగురిలో అరిచి వచ్చాను. మర్నాడు కూడా గోనెపట్టా కప్పే ఉంది.

పోయిన చలికాలంలో, సింగూరు చూడ్డానికి పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం చిల్లుపడిన గాలి పడవను దుకాణంలో దించి, మాకొద్దు, నువ్వే ఉంచుకో అని వెళ్లిపోయింది. గాలి కొడితే ఉబ్బే పడవ, దానికో తెరచాప, రెండు తెడ్లు. అట్టపెట్టె మీద బొమ్మ ఉంది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నీళ్ల మీద నవ్వుతున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, కుటుంబాలకు అని ఇంగ్లీషులో రాసి ఉంటే నేనే చదివి చెప్పాను. మా పిల్ల ఆ బొమ్మను చాలాసేపు చూసి, "వీళ్ల డాడీ ఎందుకు మునుగుతలేడు?" అని అడిగింది. నీళ్ల గురించి అది నోరు తెరవడం అదే మొదలు.

చాచా నా వైపు చూడనే లేదు. "నీళ్లు మోస్తయి బేటీ. మొయ్యనీకి లోపల గాలి ఉండాలె, గంతే," అన్నాడు.

చిల్లుకు అతుకు వేసి, పిల్లను దాంట్లో నీళ్ల మీద తిప్పుదామన్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే, గాలి కొట్టిన పడవను ఆటో పైన కట్టుకుని ముగ్గురం నల్లవాగు ప్రాజెక్టుకు వెళ్లాం. ఎలా ఒప్పుకున్నావని మీరడగొచ్చు. చేయడానికి నాకింకేమీ మిగల్లేదు. పిల్ల ఒంటికి రెండు మోటార్‌సైకిల్ ట్యూబులు అడ్డంగా కట్టాడు, నాకు రెండు కట్టాడు. "మరి నీకు?" అన్నాను. "మంజీరల ఈతగొట్టి పెరిగినోణ్ని, నాకెందుకమ్మా?" అన్నాడు.

తప్పు పొద్దున్నే జరిగిపోయింది. ఆ పడవ ప్లాస్టిక్‌ది, అతను దానికి ట్యూబులకు రాసే రబ్బరు సొల్యూషన్‌తోనే అతుకు వేశాడు. గాలేమో ట్రాక్టర్ టైరుకు కొట్టినట్టు ఖణేల్‌మనేదాకా కొట్టాడు. ముప్ఫై ఏళ్ల చేతి అలవాటు, ఎవరి మాట వింటుంది? ఒడ్డున బాగానే తేలింది. తల తడవదని చాచా మాటిస్తే పిల్ల ఎక్కి, కళ్లు మూసుకుని నా చున్నీ పట్టుకుంది. చాచా తెరచాప తాడు గుంజగానే గాలి ఒక్క ఊపున అందుకుంది. చూస్తుండగానే ఒడ్డు దూరమైంది. ఎండకు పడవ ఇంకా ఉబ్బింది. అప్పుడు బుస్సుమని చప్పుడు. అతుకు లేచిపోయింది.

ఆ చప్పుడు వేలసార్లు విన్న మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాడు వదిలేసి, బోర్లా పడి, అరచెయ్యి చిల్లు మీద అదిమిపెట్టాడు. పడవ ఒక పక్క మెత్తబడి నీళ్లు లోపలికి వచ్చాయి. నేను యేసయ్యా అని కేకలు పెడుతున్నాను.

"అర్సుడు బంద్ వెట్టు! తెడ్డు పట్టు టీచరమ్మా, జల్దీ!" అని నన్ను గద్దించి, పిల్లతో మాత్రం మెల్లగా అన్నాడు. "బేటీ, నీళ్లు లోపటికొచ్చినయి. నీ డబ్బతోని బయట వొయ్యి. నేను చెయ్యి తియ్య."

నేను చావు ఖాయమనే అనుకున్నాను. మొగుణ్ని మింగిన నీళ్ల దగ్గరికి బిడ్డను నేనే తెచ్చి ఇచ్చానని గుండె పగిలిపోయింది. అప్పుడు నా బిడ్డ టిఫిన్ డబ్బా ముంచింది, బయట పోసింది. ఎదురుగాలికి ఆ నీళ్లు దాని నెత్తి మీదే పడ్డాయి. వెక్కి వెక్కి ఏడుస్తూనే మళ్లీ ముంచింది.

"చాచా, చెయ్యి తియ్యకు!"

"తియ్య బిడ్డా."

ఒడ్డు తగిలేదాకా నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను, వాళ్లిద్దరిదీ అదే మాట, అదే జవాబు. తీరా తీయబోతే చెయ్యి రాలేదు, సొల్యూషన్ ఎండకు కరిగి అంటుకుపోయింది. గుంజితే తోలు లేచివచ్చింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "నాదే తప్పు. రబ్బరనుకున్న," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆ వారమే పిల్ల తనంతట తాను చెంబు పట్టుకుంది. కానీ ఒక షరతు. చాచా మా గేటు దగ్గర నిలబడి "చెయ్యి తియ్య బేటీ!" అని కేక వేయాలి. అప్పుడే తల మీద పోసుకునేది. అప్పటినుంచి ప్రతి ఆదివారం, బేరం ఉన్నా వదిలేసి వచ్చి కేక వేసేవాడు. ఇగ ఆ కేక ఎవరు వేస్తారు? శుక్రవారం నా కోపమంతా అదే.

చాచీ చెయ్యి పట్టుకుని, మంజీరలో ఈదిన మనిషి నల్లా దగ్గర పడిపోవడమేంటని ఏడ్చాను. ఆమె ఏడుపు ఆపి నా వైపు చూసింది. "ఆయనకు ఈత యాడిదమ్మా? బాయిల తొంగిచూడాల్నన్నా భయమే," అంది.



ఆఖరి స్నానానికి వాళ్లింట్లో నీళ్లు చాలక మా నల్లా నుంచి తెస్తున్నారు. పిల్ల కనపడలేదు. మళ్లీ ఏ బల్ల కింద దూరిందోనని ప్రాణం పోయినంత పనైంది. బయటికి పరుగెత్తితే, చిన్న బిందె నెత్తిన పెట్టుకుని మా గేటు దాటుతోంది. అడుగడుక్కీ నీళ్లు తొణికి, ఇప్పుడిప్పుడే పెరుగుతున్న జుట్టు మీద, కళ్లలో పడుతున్నాయి.

"ఇటియ్యి బిడ్డా," అని బిందె మీద చెయ్యి వేయబోయాను.

"వద్దు మమ్మీ. నేను చెయ్యి తియ్య," అంది.

రెండు చేతులూ బిందెకు అదిమిపెట్టుకుని రోడ్డు దాటింది. గోనెపట్టా కప్పిన డ్రమ్ము పక్కనుంచి చాచా గడప దాకా, దాని తల నుంచి కారిన నీళ్లు మట్టిలో చుక్కలు చుక్కలుగా పడ్డాయి.