ఎర్ర సంచులు

బేరంలో నన్ను గెలిచినవాళ్ళు తక్కువ. గెలిచామనుకుని వెళ్ళినవాళ్ళు ఎక్కువ. బెజవాడ వన్‌టౌన్‌లో నాన్న వెండి కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి మరి. బాబాయి మాత్రం ఊళ్ళోనే చెరకు వేసుకుంటూ ఉండిపోయాడు.

తొంభైల చివర్లో ఆయన చెరకు తోలే సహకార ఫ్యాక్టరీ మూతపడబోతే ప్రభుత్వం డబ్బిచ్చి నిలబెట్టింది. రైతులు కూడా ఆ ఏటి చెరకు డబ్బులో సగం వదులుకున్నారు. "అది బతికితే మనమూ బతుకుతాంరా" అన్నాడు బాబాయి.

ఏడాది తిరక్కుండానే ఫ్యాక్టరీ పెద్దాఫీసరు మా కొట్టుకొచ్చాడు. పై ఆఫీసర్లకి బోనస్ ఇచ్చుకోవాలట. డబ్బుగా ఇస్తే రైతులు ఊరుకోరట.

"బోనస్ అనకండి సార్, జ్ఞాపిక అనండి. తలా ఒక వెండి పళ్ళెం. ఎవరూ నోరెత్తరు" అన్నాను. అడక్కుండానే ఇచ్చిన సలహా.

మజూరీ దగ్గర ఆయన గట్టివాడే. కొంత తగ్గించి, బదులుగా ఒకటి అడిగాను: పళ్ళేలు మా గుడ్డ సంచుల్లోనే పంచాలి. ఎర్ర సంచి, దానిమీద బెత్తెడు అక్షరాలతో మా కొట్టు పేరు. ఖర్చులేని పబ్లిసిటీ! ఆ పూట నా తెలివి గురించి ఇంట్లో రెండుసార్లు చెప్పుకున్నాను.

తర్వాత జరిగింది పిన్ని ఫోన్లో చెప్పింది. పట్టపగలు, చెరకు బళ్ళు గేటు దగ్గర బారులు తీరి ఉండగా, ఆఫీసర్లు ఎర్ర సంచులతో కార్లెక్కబోయారట. ఒక రైతు సంచి లాక్కుని పళ్ళెం పైకెత్తాడట.

"మా చెరకు డబ్బయ్యా ఇది! ఇందులోనే పెట్టుకు తినండి!"

ఇంకొకతను సంచి మీద పేరు చదివి, "ఎవడిదిరా ఈ కొట్టు?" అని అరిచాడట.

"మీ బాబాయి ఎడ్లకేసి చూస్తూ నిలబడిపోయాడంటరా" అంది పిన్ని.

పళ్ళేలు వెనక్కి తీసుకుంటానని ఫ్యాక్టరీకి కబురు పెట్టొచ్చు. పెట్టలేదు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం మా కొట్లో లేదు.

నెల తర్వాత బాబాయి వచ్చాడు, మనవరాలికి పట్టీలు కావాలని. మామూలుగా అయితే "మీ నాన్నయితే ఇందులో సగం చెప్పేవాడురా దొంగా" అంటూ గంటసేపు బేరమాడేవాడు. ఆ రోజు సన్నవి ఎంచుకుని, నేను తగ్గించబోతే ఆపాడు.

"అందరికీ ఎంతో నాకూ అంతే చెప్పు."

చెప్పినంతా ఇచ్చేశాడు. నా చెయ్యి అలవాటుగా ఎర్ర సంచి తీసింది.

"సంచి వద్దులే అబ్బాయ్" అని, పట్టీలు కండువా చివర ముడేసుకుని మెట్లు దిగాడు.

మిగిలిన సంచులు పారేయడానికి మనసొప్పలేదు, డబ్బు పెట్టి అచ్చేయించినవి. పేరు లోపలికి పోయేలా తిరగేసి వాడాను.