పన్నెండో గదిలో కాపలా

పంతొమ్మిదేళ్లుగా ఓఫేలియా ఆ హోటల్లో గదులు శుభ్రం చేస్తోంది. హీల్డ్స్‌బర్గ్‌ అనే ఊళ్లో ద్రాక్షతోటల మధ్య హోటల్. కుక్కల్ని కూడా రానిస్తారని దానికి పెద్ద పేరు. వచ్చిన కుక్కకల్లా గదిలో మెత్తటి పరుపు, నీళ్లగిన్నె, పేరు రాసిన బిస్కెట్టూ. పనివాళ్ల కుక్క మాత్రం గేటు దాటకూడదట! ఇదెక్కడి న్యాయమో ఆవిడకి ఇన్నేళ్లైనా అంతుపట్టలేదు.

ఆవిడ పెంచుకునే పింటో కూడా ఈ హోటల్ కుక్కే. పద్నాలుగేళ్ల కిందట ఎవరో మహానుభావులు దాన్ని గదిలోనే వదిలేసి చెక్కేస్తే, తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు దానికి కిడ్నీలు పోయాయి. లేవదు, తినదు. ఇవాళ అయిదింటికి డాక్టరు ఇంటికొచ్చి సూదేసి సాగనంపేస్తానన్నాడు. ఆ నిమిషంలో దాని పక్కన తనుండాలి. ఓఫేలియాకి ఇవాళ కావలసింది అదొక్కటే.

నాలుగింటికి ఏప్రన్ విప్పుతుంటే పన్నెండో గదిలో కుక్క మొరుగుడు లంకించుకుంది. ఒంటరిగా వదలం అని సంతకం పెట్టి మరీ, టీవీ పెట్టి తలుపేసి వైన్ రుచి చూడ్డానికి పోయారు దానివాళ్లు. అలా మొరిగే కుక్క దగ్గర, వాళ్లొచ్చేదాకా పనివాళ్లెవరైనా కూర్చోవాలని అక్కడి రూలు.

"ఓఫేలియమ్మా, కుక్కలకి మీరంటే ప్రాణం కదా, కాస్త..." అన్నాడు మేనేజరు గారెట్.

"ఇవాళ కుదరదు బాబూ. పొద్దున్నే చెప్పానుగా!"

"పది నిమిషాలే. బయల్దేరామన్నారు. మిగతా ఇద్దరూ కొత్తవాళ్లు, కుక్కంటే హడలి చస్తున్నారు."

కుక్కలంటే ఇష్టమని ఒకసారి నోరుజారినందుకు పంతొమ్మిదేళ్లుగా ఇదే పాట. తిట్టుకుంటూ వెళ్లి కూర్చుంది. నాలుగున్నరయింది. తనే ఆ కుక్కవాళ్లకి ఫోన్ చేసింది.

"అయ్యో, ఇప్పుడే పోశారండీ! ఇదొక్కటి తాగేసి వచ్చేస్తాం," అందా ఇల్లాలు. వెనక ఒకటే నవ్వులు.

"తాగండి, తాగండి! ఇక్కడ ఎవరి కొంప మునిగిందని!" ఫోన్ పెట్టేశాక అరిచింది ఓఫేలియా.

వదిలేసి పోదామని రెండుసార్లు లేచింది. గడప దాకా వెళ్తే చాలు, ఆ కుక్క తలుపు రక్కేస్తూ ఊపిరందనట్టు రొప్పుతోంది. కసరబోయి ఆగింది. దాని తప్పేముంది పాపం! మళ్లీ వచ్చి కూలబడింది.

అయిదింటికి మొగుడు చేమా ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే? డాక్టరు సూది పట్టుకుని నిలబడ్డాడు."

"కాస్త ఆగమనవయ్యా!"

"ఆయన ఆగుతాడే. ఇదే ఓర్చుకోలేకపోతోంది. ఒకటే మూలుగు."

"సరే. ఫోను దాని చెవి దగ్గర పెట్టు," అంది.

"పింటో, నేనేరా నాన్నా. ఇక్కడే ఉన్నాను. బంగారుతండ్రివి కదూ, పడుకో. ఏం కాదు, పడుకో..."

గదిలో కుక్క మొరుగుడు ఆపేసింది. మెల్లిగా వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడుకుంది. అవతల చేమా వెక్కిళ్లు వినబడేదాకా ఆవిడ "పడుకో, పడుకో" అంటూనే ఉంది.

అయిదుంపావుకి తలుపు తెరుచుకుంది.

"చూశారా, ఎంత బుద్ధిగా పడుకున్నాడో! మావాడు అసలు మొరగనే మొరగడు. మీరు ఊరికే కూర్చున్నారండీ," అందా ఇల్లాలు నవ్వుతూ.

"గంటసేపు మొరిగాడమ్మా," అంది ఓఫేలియా లేస్తూ. "నా కుక్కతో మాట్లాడితే ఊరుకున్నాడు. అది ఇప్పుడే పోయింది. దాని దగ్గర నేను లేను."