లైనులో మూడో రాయి

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నేను నేలమీది నుంచి ఒక రాయిని ఎత్తాను. మనిషి చేయగల పనుల్లో ఇంతకంటే మామూలు పని ఉండదు. తొమ్మిదిన్నరకల్లా ముప్పై మంది నన్ను చుట్టుముట్టారు. పది గంటలకు నేను మనిషినన్న హోదా పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, తొందరపడకండి. ఆ రోజు నేను తొందరపడే చెడ్డాను.

డెబ్బైల చివరి ఏళ్లవి. సంస్థలు మనుషుల నడతను ఎలా మలుస్తాయన్నది నా పరిశోధన విషయం. ఆ మాట పలికినప్పుడల్లా నా మెడ రెండంగుళాలు పొడుగయ్యేది. మా ప్రొఫెసరుగారు పెద్దమనిషి, ఓపికగలవాడు. "సంస్థ అంటే భవనం కాదయ్యా, బోర్డూ కాదు. మనుషులు చూడకపోయినా పాటించే కట్టుబాటు" అని ఎన్నిసార్లు చెప్పారో. ఎన్నిసార్లు చెప్పినా చక్కగా రాసుకున్నాను. అర్థం చేసుకోవడమన్నది నాకు ఎవరూ అప్పగించని పని కాబట్టి దాని జోలికి పోలేదు.

వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల సొసైటీ ఒకటి ఉండేది. వారానికోసారి అక్కడ నూలు ఇచ్చేవారు. ఆ రోజు నేతగాళ్లు ఎలా మసలుకుంటారో చూడాలని హనుమకొండ నుంచి సైకిలు తొక్కుకుంటూ తెల్లవారేసరికి అక్కడికి చేరాను. సొసైటీ తలుపుకు తాళం. వాకిట్లో నరమానవుడు లేడు. ఇళ్లల్లోంచి మగ్గాల చప్పుడు మాత్రం వస్తోంది. మెట్టు మీద కూర్చుని కాగితం తీసి ఇలా రాశాను:

"ఇక్కడ లైను లేదు. కట్టుబాటు కనిపించడం లేదు. వాకిట్లో రాళ్లు పడి ఉన్నాయి, ముప్పై ఒకటి."

లెక్కపెట్టాను చూశారా! తలుపు దగ్గర మొదలై వీధిలోకి తిన్నగా ఒకదాని వెనక ఒకటి ఉన్న ముప్పై ఒక్క రాళ్లను లెక్కపెట్టి, "పడి ఉన్నాయి" అని రాశాను. అంత చదువు చదివినవాడికి తప్ప మరొకరికి సాధ్యం కాదు.

అంతలో గాలి లేచింది. కాగితం ఎగరబోయింది. బరువు పెట్టడానికి ఏదైనా కావాలి. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అంటారు. అది అబద్ధం. రాయి రాయికీ తేడా ఉంది. ఒకటి ఇటుకపెడ్డ, ఒకటి గులకరాయి, ఒకటి షాబాదు బండ ముక్క. తలుపు నుంచి మూడోది విరిగిన విసుర్రాయి ముక్క. అడుగున చదునుగా, చేతికి ఇమిడేట్టు, చూడముచ్చటగా ఉంది. దాన్ని ఎత్తి నా కాగితం మీద పెట్టుకున్నాను. కట్టుబాటు లేదన్న నా వాక్యం ఎగిరిపోకుండా కట్టుబాటే కాపలా కాసింది.

ఎనిమిదిన్నరకు నలభై ఏళ్ల మనిషి ఒకాయన వచ్చాడు. సాంబయ్య అని తర్వాత తెలిసింది. రాళ్ల వైపు చూశాడు. రెండో రాయికీ నాలుగో రాయికీ మధ్య ఖాళీ చూసి, వెనకవన్నీ ఒక్కొక్కటే కాలితో ముందుకు జరిపి, మెట్టు మీదున్న నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. నేను గడియారం చూసుకుని రాశాను: "ఒక వ్యక్తి కారణం లేకుండా రాళ్లను జరుపుతున్నాడు."

తొమ్మిదికి సొసైటీ వాచ్‌మన్ వచ్చాడు. నోట్లో వేపపుల్ల తీయకుండానే వీధికంతా వినబడేట్టు అరిచాడు. "ఇయ్యాల పద్దెనిమిది మందికే! టేషన్ల అంతే దిగిందట. లారీ వచ్చుడు ఆలస్యమైతది!"

మగ్గాల చప్పుడు ఆగింది. ఒక్కొక్క ఇంట్లోంచి మనుషులు వచ్చి ఎవరి రాయి పక్కన వాళ్లు నిలబడ్డారు. ఒక్కరు కూడా మరొకర్ని తోయలేదు. కళ్లు మూసి తెరిచేలోగా నా ముందు లైను ఉంది. అప్పుడే ఒక ముసలామె రాళ్ల పక్కన ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. మళ్లీ నడిచింది. మూడోసారి కూడా నడిచింది.

"నా రాయేది?" అంది.

ఆమె రాజవ్వ. భర్త పోయాక ఆయన మగ్గం తానే నడుపుకుంటున్న మనిషి. మగ్గం మీద ఓ పెద్ద జంపఖానా సగంలో ఉంది. శుక్రవారానికల్లా పరకాల దుకాణం వాళ్లకు అందాలి. అందకపోతే ఇక ఆ దుకాణం ఆమె గడప తొక్కదు. అడ్డంగా నేసే పేకకు నూలు అయిపోయింది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు, వాళ్ల మాటల్లో తెలిసింది.

"గీడనే పెట్టిన. మూడోది. విసుర్రాయి ముక్క. సాంబా, నువ్వు నా ఎనకనే పెట్టినవ్ గద?"

"పెట్టిన అవ్వా. నీ రాయి నా కండ్లతోని సూసిన. మల్ల వచ్చెవరకు లేదు. నువ్వే తీస్కపోయినవనుకొని ఎనకటియి జరిపిన."

"నేనెందుకు తీస్త?"

"గదే నాకూ సమజైతలేదు."

లైను మధ్యలోంచి తెల్లగడ్డం మనిషి ముందుకు వచ్చాడు. అందరూ ఆయన్ని యాకూబ్ చిచ్చా అంటారు. లైనుకు ఆయనే పెద్ద. ఎవరూ నియమించలేదు, ఎన్నుకోనూ లేదు.

"రాజవ్వా, నువ్వు పెట్టినవని అందరికి ఎరుకే. పో, మూడో జాగల నిలవడు."

నేనైతే ఆ క్షణంలోనే పోయి నిలబడేవాణ్ని. మీరూ అంతేనేమో. రాజవ్వ కదల్లేదు.

"ఎట్ల నిలవడుత చిచ్చా? పోయిన నెల సాంబడు ఇటుకపెడ్డ పెట్టుడు మర్సిపోయి వస్తె, రాయి లేకుంటె జాగ లేదని నేనే ఆఖరుకు పంపిన. గా దినం ఆని మగ్గం ఆగింది. ఇయ్యాల నా వంతు వస్తె మాట మారుస్తనా?"

"గది యేరు, గిది యేరు అవ్వా" అన్నాడు సాంబయ్య.

"రాయి లేదు. గంతే."

ఆమె కొంగు దోపుకుని లైను చివరికి నడవడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటో చోటుకు. ఇచ్చేది పద్దెనిమిది మందికి.

ఇక నా సంగతి. విసుర్రాయి ముక్క అన్న మాట వినగానే నా చెయ్యి దానంతటదే కదిలి ఆ రాయి మీద ఇంకో నాలుగు కాగితాలు కప్పింది. నిజం చెప్పాలి కదా. గాలికి కాగితాలు ఎగరకుండా రాయి పెట్టినవాణ్ని, ఇప్పుడు రాయి కనబడకుండా కాగితాలు పెడుతున్నాను. కానీ ఆ ముసలామె వెనక్కి నడుస్తున్న తీరు చూశాక కూర్చోలేకపోయాను. లేచాను. రాయి పైకెత్తి, "ఇదేనా అమ్మా?" అన్నాను.

యాకూబ్ చిచ్చా నెమ్మదిగా అడిగాడు.

"ఎందుకు దీసినవ్ సారూ?"

"కాగితాలు ఎగిరిపోతుంటే..."

"ఏం కాయితాలు?"

"మీ గురించే."

"మా గురించా? సాంబా, నీకు సదువొస్తది గద, ఏం రాసిండో సూడు."

సాంబయ్య కాగితం తీసుకుని ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. "ఇక్కడ... లైను... లేదు. కట్టుబాటు... కనిపించడం... లేదు." ఆగి ఇంకో కాగితం చూశాడు. "ఒక వ్యక్తి కారణం లేకుండా... వ్వో! గిది నా మీద రాసిండే!"

ముప్పై మంది ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు తగ్గేలోగా నేల చీలితే దూరిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. వరంగల్లు నేల గట్టిది, చీలలేదు.

"తప్పయింది. ఉన్నచోటే పెట్టేస్తాను" అని వంగాను.

"ముట్టకు!" అన్నారు ముప్పై మంది.

యాకూబ్ చిచ్చా నా చేతిలోంచి రాయి తీసుకుని రాజవ్వకు ఇచ్చాడు. "పెట్టినోళ్లే పెట్టాలె సారూ. ఒక్కసారి లేసిన రాయి మల్ల పెడితె ఆఖరుకే పెట్టాలె. లేకుంటె రేపు ప్రతోడు ఎత్తుతడు, పెడ్తడు."

"మరి రాయి తీసినవాడికి శిక్ష ఏమిటి?" అని అడిగాను. అంత అవమానంలోనూ నాలోని పరిశోధకుడు చావలేదు.

చిచ్చా ఆలోచించాడు. పక్కవాళ్ల మొహాలు చూశాడు. వాళ్లూ ఆలోచించారు.

"శిక్ష లేదు సారూ."

"ఎందుకు లేదు?"

"ఇన్నేండ్లల్ల ఎవ్వడూ తియ్యలే."

ఆ మాట విన్నప్పుడు నాకు గుడిలోనూ రాని భక్తి వచ్చింది. కాపలా లేదు, రాసిన నిబంధన లేదు, జరిమానా లేదు. ఒక్క గులకరాయిని చూసి ఆకలి మీదున్న మనిషి తన కాలు వెనక్కి తీసుకుంటాడు. నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి ఆ గులకరాయంత బరువు తూగవనిపించింది.

చివరికి చిచ్చానే దారి చెప్పాడు. "రాయి తనంతట తాను పోలే. రాజవ్వా తియ్యలే. తీసినోడు గీడనే ఉన్నడు. ఆనే రాయి బదులు కూసోవాలె, లారీ వచ్చెదాంక. ఎనక ఉన్నోళ్లు ఏమంటరు?"

సాంబయ్య అందరికంటే ముందు అన్నాడు. "కూసోనీ. కానీ రాయి లెక్కనే కూసోవాలె. లేవొద్దు, మాట్లాడొద్దు. ముఖ్యంగ ప్రశ్నలు అడగొద్దు!"

దీనికి వీధి మొత్తం ఒప్పుకుంది. రాజవ్వ నన్ను ఎగాదిగా చూసి, "రాయి జర సన్నగున్నది" అంది. అని మగ్గం సర్దుకోవడానికి ఇంటికి వెళ్లిపోయింది.

పది గంటల నుంచి నేను రాయిని. రాయి ఎత్తనేల, రాయి కానేల అని మీరు అనవచ్చు. ఆ రోజు నాకు అదీ అనడానికి లేదు, నోరు మెదపకూడదు. ఎండ ఎక్కింది. ఒకామె చెంబుతో వచ్చి, "చిచ్చా, రాయికి నీళ్లియ్యొచ్చా?" అని అడిగింది. "తడిస్తె రాయికేమైతది, ఇయ్యి" అన్నాడు. ఎడ్లబండి వాడు నన్ను చూసి బండి పక్కకు తిప్పాడు. బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి నన్ను దాటకుండా చుట్టూ తిరిగి పోయాడు. నా ముందుకు ఒక్కరూ రాలేదు. ఇన్నేళ్లు మనిషిగా తిరిగినా దక్కని మర్యాద, రాయిగా మూడు గంటల్లో దక్కింది.

పదకొండుకు రిక్షా దిగింది ఎవరనుకున్నారు? మా ప్రొఫెసరుగారు. శిష్యుడి పని ఎలా సాగుతోందో చూద్దామని వచ్చారు.

"ఏమయ్యా, మట్టిలో కూర్చున్నావేం?"

నోరు తెరిచాను. వెనకనుంచి సాంబయ్య దగ్గాడు. నోరు మూశాను.

"ఆయన మాట్లాడడు సారూ, రాయి" అన్నాడు సాంబయ్య.

"ఏం రాయి?"

"రాజవ్వ రాయి."

ఆయన తోలుసంచిని లైను చివర, రిక్షా దిగినచోటే దించి, యాకూబ్ చిచ్చాతో మెట్టు మీద కూర్చున్నారు. గంటసేపు విన్నారు. తర్వాత నా కాగితం తీసుకుని మొదటి రెండు వాక్యాలూ కొట్టేశారు. రాళ్ల లెక్క మాత్రం ఉంచారు. లేచి వెళ్లబోతూ సంచి కోసం చూస్తే, అది లైనులో కలిసిపోయింది. దాని వెనక కొత్తగా వచ్చిన ఇద్దరు నిలబడి ఉన్నారు.

"సారూ, సంచి తీస్తె మీ జాగ పోతది మరి" అన్నాడు చిచ్చా. ప్రొఫెసరుగారు ఆ ఇద్దరికీ నమస్కారం పెట్టి, అనుమతి అడిగి సంచి తీసుకున్నారు. పాఠమంటే అదీ.

ఒంటిగంట దాటాక లారీ వచ్చింది. రాజవ్వ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "లే కొడుకా, ఇగ నువ్వు మనిషివే" అంది. కాళ్లు మొద్దుబారిపోయి, లేవబోయి సాంబయ్య ఇటుకపెడ్డ మీద పడ్డాను. అది ఒక్క అంగుళం కదిలింది. మళ్లీ ముప్పై మంది "ముట్టకు!" అన్నారు.

రాజవ్వకు నూలు అందింది. ఆమె రెండు కట్టలు చంకన పెట్టుకుని వెళ్తుంటే గట్టెక్కాననుకున్నాను. సాంబయ్యకూ అందింది. అలా పద్దెనిమిదో మనిషి దాకా వచ్చి నూలిచ్చే కిటికీ మూసుకుంది. పంతొమ్మిదో రాయి దగ్గర యాకూబ్ చిచ్చా నిలబడి ఉన్నాడు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. రాజవ్వ చివరికి పోయి ఉంటే ఆయన పద్దెనిమిదో వాడు. వాచ్‌మన్ అరిచినప్పటి నుంచీ ఆయనకు ఈ లెక్క తెలుసు. ఆమెను మూడో చోటుకు పొమ్మన్నప్పుడూ తెలుసు, నన్ను రాయిని చేసినప్పుడూ తెలుసు. వీధి వీధికంతా తెలుసు. లెక్కలు నేర్చిన నాకు ఒక్కడికే తెలియలేదు.

"చిచ్చా, మీకు..." అన్నాను.

ఆయన వంగి తన షాబాదు బండ ముక్కను తీసుకుని మట్టి దులిపాడు. "ఫికర్ జెయ్యకు సారూ. వచ్చే వారం జర ముందుగాల వచ్చి పెడ్త." అని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ వారం ఆయన మగ్గం చప్పుడు వినబడలేదు.

ఆ తర్వాత కొత్తవాడలో నా పేరు ఎవరికీ గుర్తులేదు. రాయి సారునే. శుక్రవారం జంపఖానా పరకాల వెళ్లింది. నా పరిశోధన గ్రంథానికి పట్టా వచ్చింది. అందులో ఆ ముప్పై ఒక్క రాళ్ల గురించి ఒక అధ్యాయం ఉంది. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుంటాను. అది వినయం కాదు.

చిచ్చా చాలా ఏళ్ల కిందటే పోయాడు. రాజవ్వ పోయి పదిహేను రోజులైంది. "రాయి సారుకు చెప్పుండ్రి" అని ఇంట్లో వాళ్లు కబురంపారు. వెళ్లాను. మగ్గం ఉన్న గుంత పూడ్చి సిమెంటు చేశారు. విసుర్రాయి ముక్క కోసం వాకిలంతా చూశాను. కనిపించలేదు. అడగలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో నేలమీది ఏ రాయినీ దాని మనిషెవరో తెలుసుకోకుండా ఎత్తను. కాగితాలు ఎగిరితే ఎగరనిస్తాను. లేదని రాసే ముందు వంగి చూస్తాను.

ఆ సొసైటీ తలుపు ముందు నుంచే తిరిగి వచ్చాను. వాకిలి శుభ్రంగా ఉంది. అక్కడ ఇప్పుడు ఎవరూ రాయి పెట్టడం లేదు.